నిరూపణ ఆగే చోటు: 5కూ 745కూ మధ్య ఎక్కడో

2024 జులై 2న గణిత ప్రపంచంలో ఒక సంఖ్య ఖరారైంది: 4,71,76,870. సంఖ్య పాతదే. జర్మనీకి చెందిన హైనర్ మార్క్సెన్, యూర్గెన్ బుంట్రాక్ దాన్ని 1989లోనే పట్టుకున్నారు. కొత్తగా వచ్చింది దాని నిరూపణ. ట్యూరింగ్ మెషీన్ అంటే టేపు మీద అంకెలు రాస్తూ పోయే ఊహా కంప్యూటర్. ఐదు స్థితులున్న అలాంటి మెషీన్ దేన్నైనా ఖాళీ టేపు మీద నడిపించండి. ఎప్పటికైనా ఆగే రకమైతే అది ఇన్ని అడుగులలోపే ఆగుతుంది, ఇంతకు మించి ఒక్క అడుగు కూడా వేయదు. ఈ ఒక్క వాక్యాన్ని అనుమానానికి తావు లేకుండా తేల్చడానికి ముప్పై ఐదేళ్లు పట్టింది.

గణిత నిరూపణకు హద్దులున్నాయన్న మాట చాలామంది వినే ఉంటారు. గణితజ్ఞుడు గోడెల్ పేరు తలుచుకుని, నిజానికి నిరూపణ అందదని ఓ పెద్ద మాట చెప్పి వదిలేయడం మామూలే. అలా చెప్పినప్పుడు ఆ హద్దు ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టుంటుంది. పై సంఖ్య వెనకున్న కథ విలువ ఏమిటంటే, అందులో ఆ హద్దుకు ఒక చిరునామా దొరుకుతుంది. 5 స్థితుల దగ్గర నిరూపణ చేతిలో ఉంది. 745 స్థితుల దగ్గర ఇప్పటి గణితపు పునాదులతో నిరూపణ కుదరదని తెలుసు. హద్దు ఈ రెండిటి మధ్యే ఉంది.

ట్యూరింగ్ మెషీన్ పేరు గంభీరంగా ఉన్నా, అది కాగితం మీద చేత్తో నడిపించి చూడగలిగేంత చిన్నది. రెండు వైపులా అంతు లేని టేపు ఉంటుంది. టేపు నిండా గడులు, ప్రతి గడిలో 0 గానీ 1 గానీ. మొదట్లో అన్నీ 0లే. మెషీన్ ఒకసారికి ఒక్క గడినే చూస్తుంది. తానున్న స్థితి, గడిలో ఉన్న అంకె, ఈ రెండిటిని బట్టి ఆ గడిలో ఏం రాయాలి, ఎటు జరగాలి, తరవాత ఏ స్థితిలోకి వెళ్లాలి అన్నది ముందే ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఆ పట్టికే దాని ప్రోగ్రామ్.

రెండు స్థితుల మెషీన్ ఒకటి తీసుకుందాం. స్థితుల పేర్లు ‘క’, ‘ఖ’. ‘క’లో ఉండగా 0 కనబడితే 1 రాసి, కుడికి జరిగి, ‘ఖ’లోకి వెళ్లాలి. 1 కనబడితే దాన్ని అలాగే ఉంచి, ఎడమకు జరిగి, ‘ఖ’లోకి వెళ్లాలి. ‘ఖ’లో ఉండగా 0 కనబడితే 1 రాసి, ఎడమకు జరిగి, ‘క’లోకి. 1 కనబడితే దాన్ని ఉంచి, కుడికి జరిగి, ఆగిపోవాలి. పెన్సిల్‌తో వేసి చూస్తే మొదటి అడుగు కుడికి, తరవాత మూడు అడుగులు ఎడమకు, మళ్లీ రెండు కుడికి. ఆరో అడుగుతో మెషీన్ ఆగుతుంది. టేపు మీద వరసగా నాలుగు 1లు మిగులుతాయి. రెండు స్థితులతో 20,736 పట్టికలు రాయొచ్చు. ఆగే వాటిలో ఏదీ ఆరు అడుగులు దాటదు.

ఈ ప్రశ్నను మొదట వేసింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన హంగరీ గణితజ్ఞుడు టిబోర్ రాడో, 1962లో. ఎన్ని స్థితులో ముందే చెప్పేసి, ఖాళీ టేపు మీద మొదలై ఆగే మెషీన్లలో అన్నిటికన్నా ఎక్కువ సేపు పనిచేసేది ఏది అని అడిగాడు. ఎప్పుడూ ఏదో కట్టుకుంటూ తీరిక లేకుండా ఉండే బీవర్ అనే జంతువు పేరు మీద దాన్ని బిజీ బీవర్ ఆట అన్నాడు. ఆ గరిష్ఠ అడుగుల సంఖ్యను ఇక్కడ బీబీ అందాం. బీబీ(1) 1, బీబీ(2) 6. రాడో, ఆయన విద్యార్థి షెన్ లిన్ కలిసి 1965లో బీబీ(3) 21 అని నిరూపించారు. బీబీ(4) 107 అని ఆలెన్ బ్రేడీ నిరూపణ 1983లో అచ్చయింది.

1, 6, 21, 107 అని చూస్తే ఏదో స్కూలు లెక్కల పుస్తకంలో వరసలా ఉంది. తరవాతి సంఖ్య నాలుగు కోట్ల పైచిలుకు. ఐదు స్థితులతో రాయగల పట్టికలు 63 లక్షల కోట్లకు పైనే. అయితే అసలు కష్టం ఆ సంఖ్య వల్ల వచ్చింది కాదు. అద్దంలో ప్రతిబింబాల్లాంటి వాటిని, పేర్లు మాత్రమే మారిన వాటిని తీసేస్తే, నిజంగా చూడాల్సినవి 18 కోట్ల దగ్గరికి దిగుతాయి. కంప్యూటర్‌కి అది పెద్ద పనేం కాదు. కష్టమంతా ఆగని మెషీన్లతోనే. ఆగే మెషీన్‌ని నడిపిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆగి జవాబు చెబుతుంది. ఆగని మెషీన్‌ని ఎంతసేపు నడిపించినా ఏమీ చెప్పదు. ఇంకో గంటలో ఆగుతుందేమో, ఇంకో వందేళ్లకు ఆగుతుందేమో. అది ఎప్పటికీ ఆగదని చెప్పాలంటే నడిపించడం చాలదు, నిరూపించాలి.

ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందా, లేక టైం తీసుకుంటోందా అన్నది సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు రోజూ ఉండే టెన్షనే. ఆ ప్రశ్నకు అన్ని ప్రోగ్రాములకూ పనికొచ్చే ఒకే పద్ధతి లేదని ఎప్పుడో తేలిపోయింది. అది తేలిన తీరు చూడాలంటే 1930కి వెళ్లాలి.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో కోనిగ్స్‌బర్గ్‌లో ఒక సమావేశం జరిగింది. అప్పటి గణితానికి పెద్ద దిక్కు డేవిడ్ హిల్బర్ట్. గణితంలో జవాబు లేని ప్రశ్న ఉండదని ఆయన నమ్మకం. సెప్టెంబర్ 8న తన సొంత ఊరైన ఆ నగరంలోనే ఆయన ప్రసంగిస్తూ, ‘మనం తెలుసుకోవాలి, తెలుసుకుంటాం’ అన్నాడు. సరిగ్గా ముందు రోజు, అదే నగరంలో, ఒక చర్చ ముగిసే వేళ ఇరవై నాలుగేళ్ల కుర్ట్ గోడెల్ ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఫలితాన్ని రెండు మాటల్లో చెప్పాడు. అక్కడున్నవాళ్లలో దాని బరువు వెంటనే గ్రహించింది జాన్ ఫాన్ నాయ్‌మన్ ఒక్కడే అంటారు. 1931లో గోడెల్ వ్యాసం అచ్చయింది. అంకగణితం చెప్పగలిగేంత శక్తి ఉండి, వైరుధ్యం లేని ఏ స్వీకృతాల (నిరూపణ అడగకుండా ముందే ఒప్పుకునే మూల వాక్యాల) వ్యవస్థలోనైనా, ఔనని గానీ కాదని గానీ నిరూపించలేని వాక్యాలుంటాయి. అంతే కాదు, తనలో వైరుధ్యం లేదన్న సంగతిని ఆ వ్యవస్థ తనంతట తాను నిరూపించుకోలేదు.

హిల్బర్ట్, ఆకర్‌మాన్ 1928లో అడిగిన ఇంకో ప్రశ్న మిగిలింది. ఒక వాక్యం ఇస్తే అది తర్కం ప్రకారం నిలుస్తుందో లేదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉందా? దానికి 1936లో అమెరికాలో అలోంజో చర్చ్, ఇంగ్లండ్‌లో ఆలన్ ట్యూరింగ్ విడివిడిగా లేదని జవాబిచ్చారు. యాంత్రిక పద్ధతి అంటే ఏమిటో చెప్పడానికే ట్యూరింగ్ తన మెషీన్‌ని ఊహించాడు. లేదని చెప్పాలంటే ముందు ఏది లేదో నిర్వచించాలి కదా. ఆ నిర్వచనమే తరవాత కంప్యూటర్ శాస్త్రానికి పునాది అయింది.

ట్యూరింగ్ వాదనను ఈ రోజుల్లో చెప్పే రూపం ఇది. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో ఆగదో తప్పు లేకుండా చెప్పే పరీక్షకుడు ఒకడు ఉన్నాడనుకుందాం. ఆ పరీక్షకుణ్ని లోపల పెట్టుకుని మనం ఇంకో ప్రోగ్రామ్ రాస్తాం. దీనికి ఏదైనా ప్రోగ్రామ్ పాఠం ఇస్తే, ‘ఈ ప్రోగ్రామ్‌కి దాని పాఠాన్నే ఇస్తే ఆగుతుందా?’ అని పరీక్షకుణ్ని అడుగుతుంది. ఆగుతుందంటే, ఇది ఎప్పటికీ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఆగదంటే, ఇది వెంటనే ఆగిపోతుంది. ఇప్పుడు దీనికి దీని పాఠాన్నే ఇవ్వండి. ఆగుతుందని పరీక్షకుడు చెబితే ఇది ఆగదు. ఆగదని చెబితే ఆగుతుంది. ఏం చెప్పినా తప్పే. కాబట్టి అలాంటి పరీక్షకుడు లేడు, ఉండడు. రేపు ఎంత వేగం కంప్యూటర్ వచ్చినా ఈ వాదన చెక్కుచెదరదు, ఎందుకంటే ఇందులో వేగం మాటే రాలేదు.

బీబీ సంగతి ఇక్కడే తేలిపోతుంది. బీబీ విలువలు లెక్కగట్టే పద్ధతి ఉంటే, ఖాళీ టేపు మీద మొదలయ్యే ఏ మెషీన్‌నైనా అన్ని అడుగులు నడిపించి చూస్తే సరిపోయేది. ఆగితే ఆగింది, ఆగకపోతే ఇక ఆగదు. ఖాళీ టేపు మీద మొదలైనా చిక్కు తగ్గదు, ఇవ్వాల్సిన పాఠాన్ని మెషీన్ పట్టికలోనే ఇమిడ్చేయొచ్చు. అప్పుడు లేడని తేలిన పరీక్షకుడు మళ్లీ పుట్టుకొస్తాడు. కనుక బీబీని లెక్కగట్టే సాధారణ పద్ధతి లేదు. కంప్యూటర్ లెక్కగట్టగల ఏ ఫంక్షన్‌ని తీసుకున్నా, ఎక్కడో ఒకచోట బీబీ దాన్ని దాటి వెళ్లిపోతుంది.

ఆగడానికీ నిరూపణకీ ఉన్న లంకె ఇంకా ముఖ్యం. ఒక స్వీకృతాల వ్యవస్థలో రాయగల నిరూపణలన్నిటినీ చిన్నవాటి నుంచి మొదలుపెట్టి వరసగా అచ్చు వేసే ప్రోగ్రామ్ రాయడం సాధ్యమే. ప్రతి నిరూపణా పరిమితమైన అక్షరాల వరసే, దాన్ని సరిచూడటం యాంత్రికమైన పని. ఆ వ్యవస్థ ఆగని ప్రతి మెషీన్ గురించీ ‘ఇది ఆగదు’ అని నిరూపించగలదు, తప్పుగా ఎప్పుడూ నిరూపించదు అనుకుందాం. అప్పుడు ఒక పక్క మెషీన్‌ని నడిపిస్తూ, ఇంకో పక్క నిరూపణలు వెతుకుతూ కూర్చుంటే, రెండిట్లో ఏదో ఒకటి తప్పకుండా జవాబు తెస్తుంది. అంటే మళ్లీ పరీక్షకుడు దొరికినట్టే. అది కుదరదు. కాబట్టి ఏ వ్యవస్థ తీసుకున్నా, నిజంగా ఆగకపోయినా ఆగదని ఆ వ్యవస్థ నిరూపించలేని మెషీన్లు ఉండి తీరతాయి. గోడెల్ చెప్పిన అసంపూర్ణతే ఇది. ఈ దారిలో వస్తే అందులో మాయ, మర్మం ఏమీ కనబడవు. నిరూపణను సరిచూడటం యాంత్రికం, ఆగడాన్ని తేల్చడం యాంత్రికం కాదు. ఈ రెండిటి మధ్య ఉన్న ఖాళీయే అసంపూర్ణత.

ఈ సిద్ధాంతం చెప్పని సంగతులు కూడా గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని అడ్డం పెట్టుకుని ఏదైనా అనేయడం అలవాటైపోయింది. ఫలానా మెషీన్ గురించి ఎప్పటికీ తెలియదని ట్యూరింగ్ అనలేదు. అన్నిటికీ కలిపి ఒకే పద్ధతి లేదన్నాడు, అంతే. ఒక్కో మెషీన్‌కీ ఒక్కో ఉపాయం దొరకవచ్చు. గోడెల్ కూడా ఫలానా నిజం ఎవరికీ అందదని చెప్పలేదు. ఒక వ్యవస్థకు అందనిది దానికన్నా బలమైన వ్యవస్థకు అందవచ్చు. గుడ్‌స్టైన్ 1944లో ఒక సంఖ్యల వరస గురించి నిరూపించిన సిద్ధాంతమే ఇందుకు ఉదాహరణ. ఆ వరస మొదట్లో విపరీతంగా పెరిగినా చివరికి సున్నాకు దిగుతుంది. గణితజ్ఞుడు పియానో పేరు మీదున్న మామూలు అంకగణితపు స్వీకృతాలతో దీన్ని నిరూపించడం సాధ్యం కాదని కిర్బీ, పారిస్ 1982లో చూపించారు. సమితుల సిద్ధాంతంలో మాత్రం నిరూపణ హాయిగా కుదురుతుంది.

మరి అందరూ ఒప్పుకున్న ఆ సమితుల సిద్ధాంతానికే అందని చోటు ఎక్కడ? ఈనాటి గణితం దాదాపు అంతా ఆ సిద్ధాంతానికి చెందిన జెడ్‌ఎఫ్‌సీ అనే స్వీకృతాల మీద నిలబడి ఉంది. ఒక మెషీన్ ఆ స్వీకృతాల నుంచి వచ్చే నిరూపణలన్నిటినీ వరసగా తీస్తూ, ఎక్కడైనా వైరుధ్యం తగిలితే ఆగేలా రాయవచ్చు. జెడ్‌ఎఫ్‌సీలో వైరుధ్యం లేకపోతే అది ఎప్పటికీ ఆగదు. కానీ ఆగదని జెడ్‌ఎఫ్‌సీ నిరూపించలేదు. నిరూపిస్తే తనలో వైరుధ్యం లేదని తానే నిరూపించుకున్నట్టు అవుతుంది, గోడెల్ రెండో ఫలితం దానికి ఒప్పుకోదు. 2016లో ఆడమ్ యెడీడియా, స్కాట్ ఆరన్సన్ ఇలాంటి గుణమున్న మెషీన్‌ని 7,910 స్థితులతో రాసి చూపించారు. తరవాత స్టెఫాన్ ఓరియర్ 748కి దించాడు. 2023లో యోహానెస్ రీబెల్ 745కి తెచ్చాడు. ఆ తరవాత అది ఇంకా కిందికి దిగింది, దించే పని సాగుతూనే ఉంది.

దీని అర్థం ఏమిటో కాస్త నిలబడి చూడాలి. బీబీ(745) అన్నది ఒక మామూలు పూర్ణసంఖ్య. దాని నిర్వచనంలో ఏ అస్పష్టతా లేదు. అయినా అది ఎంత అని జెడ్‌ఎఫ్‌సీ చెప్పలేదు. చెప్పగలిగితే ఆ మెషీన్‌ని అన్ని అడుగులు నడిపించి, ఆగలేదని చూసి, ఇక ఆగదని తేల్చేయవచ్చు. అలా తేల్చడం దానికి కుదరదని ఇప్పుడే చూశాం. అనంతమైన సమితుల పరిమాణాల గురించి జెడ్‌ఎఫ్‌సీ చేతులెత్తేస్తుందని గణితజ్ఞులకు 1960ల నుంచీ తెలుసు. అది వేరు. అనంతం గురించి మనకు సరైన ఊహే లేదేమో అని సర్దుకోవచ్చు. ఇక్కడ ప్రశ్న ఒక పరిమితమైన సంఖ్య గురించి, ఒక మెషీన్ ఎప్పుడు ఆగుతుందన్న దాని గురించి. సర్దుకోవడానికి చోటు లేదు. గోడెల్ చెప్పిన వాటన్నిటిలో మనసును నిజంగా కదిలించేది ఇదే.

ఇక 5 దగ్గరికి వద్దాం. మార్క్సెన్, బుంట్రాక్ పట్టిన మెషీన్ లోపల ఏం జరుగుతోందో విప్పి చూస్తే, దాని నాలుగు కోట్ల అడుగుల వెనక చిన్న లెక్క ఒకటి కనబడుతుంది. ఒక సంఖ్యను 3తో భాగించు. శేషం 0 అయితే భాగఫలాన్ని 5తో గుణించి 6 కలుపు. శేషం 1 అయితే 5తో గుణించి 9 కలుపు. శేషం 2 అయితే ఆగిపో. 0తో మొదలుపెడితే 6, 16, 34, 64, 114, 196, 334, 564, 946, 1584, 2646, 4416, 7366, 12284. ఈ చివరి సంఖ్యను 3తో భాగిస్తే శేషం 2. ఇంతవరకూ ఒక్కసారి కూడా 2 రాలేదు. ప్రతి మెట్టు దగ్గరా ఆగే అవకాశం ఉండి కూడా తప్పించుకుంటూ పద్నాలుగు మెట్లు వచ్చిందన్నమాట. పొడవైన సంఖ్యలను టేపు మీద 1ల వరసలుగా రాస్తూ, చెరుపుతూ పోవడానికే ఆ కోట్ల అడుగులు. సరి సంఖ్యను సగం చేస్తూ, బేసి సంఖ్యను 3తో గుణించి 1 కలుపుతూ పోతే ఎప్పుడూ 1కి చేరతామా అని అడిగే, పేరున్న కొలాట్జ్ సమస్యకు ఇది దగ్గరి బంధువు. అలాంటి లెక్కల్లో సాధారణంగా తేల్చే పద్ధతి లేదని జాన్ కాన్వే 1972లోనే నిరూపించాడు. ఐదు స్థితులకే ఇలాంటివి పుట్టుకొచ్చాయంటే, గట్టి ప్రశ్నలు ఎక్కడో పెద్ద సంఖ్యల దగ్గర దాక్కుని ఉంటాయనుకోవడం పొరపాటు.

2003లో బల్గేరియాకు చెందిన గియోర్గి గియోర్గియెవ్ ఒంటరిగా ప్రోగ్రాములు రాసి, ఐదు స్థితుల మెషీన్లలో తేలనివి 43 మాత్రమే మిగిలాయని చూపించాడు. ఆయన వాడిన మారుపేరు స్కెలెట్. అందుకే ఆ మొండి మెషీన్లను ఇప్పటికీ స్కెలెట్ మెషీన్లు అంటారు. వాటిలో మొదటిది ఎంత మొండిదంటే, చివరికి ఒకే పనిని తిరగేస్తూ ఉండిపోయేదే అయినా, ఆ తిరుగుడు మొదలయ్యేసరికి అడుగుల సంఖ్య 50 అంకెలు దాటిపోతుంది. ఒక్క చుట్టుకే 800 కోట్లకు పైగా అడుగులు. 2022లో ట్రిస్టన్ స్టెరాన్ మొదలుపెట్టిన ఉమ్మడి ప్రయత్నంలో ఎక్కడెక్కడివారో చేరారు. చాలామంది వృత్తిరీత్యా గణితజ్ఞులు కారు. చివరి దెబ్బ కొట్టింది ఎంఎక్స్‌డైస్ అనే మారుపేరుతో పనిచేసిన వ్యక్తి. 18 కోట్ల 13 లక్షల పైచిలుకు మెషీన్లలో ప్రతిదాని లెక్కా తేలుస్తూ, కాక్ అనే నిరూపణ సహాయక సాఫ్ట్‌వేర్‌లో మొత్తం వాదనను రాశారు. ఆ వ్యక్తి ఎవరో సహచరులకే తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ప్రతి మెట్టునూ సాఫ్ట్‌వేర్ సరిచూసింది, ఎవరైనా మళ్లీ నడిపించి సరిచూసుకోవచ్చు. మనిషి పరువును బట్టి కాకుండా నిరూపణను బట్టే నమ్మే రోజు కోసం గణితం ఎంతో కాలంగా చూసింది. ఈ పనిలో అది అక్షరాలా జరిగింది.

ఆరు దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. 2022లో పావెల్ క్రోపిట్జ్ పట్టిన ఆరు స్థితుల మెషీన్ వేసే అడుగులు, 10 మీద 10 ఘాతంగా, దాని మీద ఇంకో 10, ఇలా పదిహేను 10లు పేర్చినంత. కనబడే విశ్వంలోని పరమాణువుల సంఖ్య మూడో 10 దగ్గరే వెనకబడిపోతుంది. ఆ తరవాత ఇంకా పెద్దవీ దొరికాయి. అసలు అడ్డు మాత్రం ఆగే ఈ మెషీన్ల వల్ల రాలేదు. 2024లో బయటపడిన యాంటీహైడ్రా అనే ఆరు స్థితుల మెషీన్ వల్ల వచ్చింది. అది చేసే లెక్క ఇది: 8తో మొదలుపెట్టు. ప్రతిసారీ సంఖ్యకు దానిలో సగం కలుపు, అర మిగిలితే వదిలేయ్. 8, 12, 18, 27, 40, 60, 90, 135, 202, 303, ఇలా పోతుంది. సరి సంఖ్య వచ్చినప్పుడల్లా ఖాతాలో 2 వేయి, బేసి సంఖ్య వచ్చినప్పుడల్లా 1 తీసేయ్. ఖాతా సున్నా కన్నా కిందికి పోతే ఆగు.

సరి, బేసి దాదాపు సమానంగా వస్తాయనుకుంటే ఖాతా పెరుగుతూనే ఉంటుంది, మెషీన్ ఎప్పటికీ ఆగదు. ఎంత దూరం నడిపించినా అలాగే కనబడుతోంది. అలా సమానంగా వస్తాయని నిరూపించే సాధనం మాత్రం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. 3/2తో పదే పదే గుణించినప్పుడు ఏమవుతుందన్నది సంఖ్యా సిద్ధాంతంలో ఎన్నో దశాబ్దాలుగా మొండికేసిన ప్రశ్నల కోవకే చెందుతుంది. యాంటీహైడ్రా తేలకుండా బీబీ(6) తేలదు.

ఇది కేవలం కష్టమైన ప్రశ్నా, లేక జెడ్‌ఎఫ్‌సీ హద్దు ఇంత కిందికే వచ్చేసిందా అన్నది ఇప్పటికి ఎవరూ చెప్పలేరు. ఒక్క సంగతి మాత్రం ఖాయం. యాంటీహైడ్రా ఆగేదే అయితే, అది ఆగే వరకు వేసిన అడుగుల జాబితాయే నిరూపణ. ఆ జాబితా ఎంత పొడవైనా జెడ్‌ఎఫ్‌సీకి అందుతుంది. కాబట్టి ఈ ప్రశ్న జెడ్‌ఎఫ్‌సీకి ఎటూ అందదని ఎవరైనా ఎప్పుడైనా చూపించగలిగితే, ఆ క్షణానే యాంటీహైడ్రా ఆగదని తేలినట్టే. అప్పుడు ఆ వాదన జెడ్‌ఎఫ్‌సీ లోపల ఇమడదు, దానికన్నా బలమైన స్వీకృతం ఏదో ఒకటి అవసరమవుతుంది.